లుక్మా అంటే ముద్ద

కొత్తగా ఈ నేర్పే పనిలోకి వచ్చే ఆడపిల్లలు నన్ను మొదట అడిగేది, ఖుర్ఆన్ కంఠస్థం కావడానికి ఎన్నాళ్లు పడుతుందని. అదేం ప్రశ్న! నోరు తిరిగే పిల్లయితే తొందరగానే అవుతుంది. అడగాల్సింది, వచ్చినదాన్ని చచ్చేదాకా పోనీకుండా ఎట్లా ఉంచుకోవాలని. నా బతుకులో ఆ ప్రశ్న అడిగిన మనిషిని ఒకే ఒక్కరిని చూశాను. ఆమె హాఫిజా కాదు. అంటే ఖుర్ఆన్ మొత్తం నోటికి వచ్చిన మనిషి కాదు. చూసి చదవడం కూడా పెళ్లయ్యాకే నేర్చుకుంది. ఆమె సంగతి తర్వాత చెబుతాను. ముందు పని సంగతి.

తెలుగులో ఎందుకు రాస్తున్నావని మా వాళ్లే అడుగుతున్నారు. నా పుట్టిల్లు భువనగిరి దిక్కు, మా ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్లం. పెళ్లయి మొఘల్‌పురాకు వచ్చాక దక్కనీ ఉర్దూ నోటికి పట్టింది. నా దగ్గర చదివిన ఆడవాళ్ల మనవరాళ్లు తెలుగు బడుల్లో చదువుకున్నారు. ఉర్దూలో రాస్తే కూడబలుక్కుంటారు. వాళ్ల కోసం రాసేది వాళ్లకే అందకపోతే ఎందుకు రాయడం?

కొత్త పాఠం, పాత పాఠం

పంతొమ్మిది వందల యాభైలలో మా గల్లీల్లో చూసి చదవడం నేర్పే ఉస్తానీలకు కొదవ లేదు. కంఠస్థం చేయించే ఆడమనిషి మాత్రం అరుదు. నాకు మా మేనత్త నేర్పింది. నేను ఇళ్లకు వెళ్లి నేర్పేదాన్ని, మధ్యాహ్నాలు మా ఇంటికి వచ్చేవాళ్లకు నేర్పేదాన్ని. అందరూ ఉస్తానీ ఆపా అనేవారు.

ఇందులో పాఠం రెండు రకాలు. సబఖ్ అంటే ఇవాళ్టి కొత్త పాఠం. ఆమోఖ్తా అంటే పాతది తిరగేయడం. పిల్ల సబఖ్ గడగడా అప్పజెబుతుంటే తల్లులు మురిసిపోతారు, చుట్టాలను పిలిచి వినిపిస్తారు. ఆమోఖ్తా ఎవరూ వినరు. అది వినడమే ఉస్తానీ పని. బిందె నింపడం ఎవరైనా నింపుతారు, అడుగున చిల్లి ఉందేమో చూసుకోవాల్సింది మనం.

అరబీ మాలో ఎవరికీ ఇంటి భాష కాదు. అర్థం కాస్తో కూస్తో తెలిసినా, చదివేటప్పుడు తోవ చూపేది అర్థం కాదు. చెవి చూపుతుంది, కన్ను చూపుతుంది. పైగా ఖుర్ఆన్‌లో ఒకే కథ నాలుగైదు చోట్ల వస్తుంది. రెండు సూరాల్లో, అంటే అధ్యాయాల్లో, ఒక వాక్యం అచ్చం ఒకేలా ఉండి, ఒక్క మాట దగ్గర తేడా పడుతుంది. అక్కడ నాలుక జారితే మనిషికి తెలియకుండానే ఒక సూరాలోంచి ఇంకో సూరాలోకి వెళ్లిపోతాడు. మొఘల్‌పురా నుంచి గౌలిపుర వెళ్లే గల్లీల్లాంటిదే ఇది. ఒక మలుపు ముందే తిరిగితే నడక ఆగదు, చేరే ఇల్లు మాత్రం వేరే అవుతుంది. తడబడి ఆగిపోయే తప్పుకు నేనెప్పుడూ భయపడలేదు. ఆగకుండా సాగిపోయే తప్పే ప్రమాదం.

బేగం పాషా గారి ఆమీన్

మా గల్లీ చివర ఒక దేవిడీ, అంటే జాగీర్దార్ల పెద్ద భవంతి, ఉండేది. జాగీరు పోయింది కానీ ఆ ఇంటి బేగం పాషా దర్పం పోలేదు. తన తమ్ముడి కూతురికి కంఠస్థం చేయించమని నన్ను పెట్టుకుంది. పిల్ల చురుకైనది. పెళ్లిలోపల పూర్తి కావాలని బేగం పాషా పట్టు. పాతది పచ్చిగా ఉంది, కొన్నాళ్లు కొత్త పాఠం ఆపుదామని నేను చెప్పాను.

"ఉస్తానీ, ముందలికి నడిపియ్యి. ఎన్కకు తిప్పి తిప్పి పిల్లను సతాయించకు" అంది.

జీతమిచ్చేది ఆమె. ముందుకే నడిపించాను. పూర్తయిన రోజు ఆమీన్ అని పండుగ చేశారు. పిల్లకు పూలదండలు, కొత్త బట్టలు, గల్లీ అంతా మిఠాయిలు. తర్వాత పెళ్లయింది. మరుసటి రంజాన్‌కు పుట్టింటికి వచ్చిన పిల్లను ముసలమ్మ ఒకామె ఏదైనా చదవమని అడిగితే, మొదటి భాగం సగం కూడా దాటలేకపోయింది. నీ చదువు కచ్చా అని బేగం పాషా నన్ను పదిమందిలో అంది. నాకూ ఒళ్లు మండింది.

"ఆమీన్ అయిపోయింది పాషా. ఆమోఖ్తా మొదలే గాలేదు" అన్నాను.

చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఆ పిల్ల తప్పు ఏమీ లేదు. అత్తగారింట్లో పొయ్యి, చంటిపిల్ల, ఆడబిడ్డలు. తిరగేసుకోవడానికి చోటు లేదు, వినే మనిషి లేదు. పాడగా పాడగా రాగం, మూలగ్గా మూలగ్గా రోగం అంటారు. పాడనివ్వని ఇంట్లో రాగం ఎక్కడ నిలుస్తుంది? ఆ తర్వాత ఏ ఇంటికైనా ముందే షరతు పెట్టాను, పాతది ఎంత తిప్పాలో నేను చెబుతాను, మీరు కాదు అని. కొన్ని ఇళ్లు పోయాయి. పోతే పోయాయి.

ముద్ద పెట్టే మర్యాద

రంజాన్ నెలంతా రాత్రి ఇషా నమాజు తర్వాత తరావీ నమాజు ఉంటుంది. నెల రోజుల్లో ఖుర్ఆన్ మొత్తం నిలబడి, పుస్తకం లేకుండా చదువుతారు. చదివే హాఫిజ్ ముందు నిలబడతాడు. అతని వెనక ఇంకో హాఫిజ్ వింటూ ఉంటాడు. ముందున్నవాడు తప్పితే వెనకున్నవాడు సరైన మాట అందిస్తాడు. దాన్ని లుక్మా ఇవ్వడం అంటారు. లుక్మా అంటే ముద్ద. మనం తినే అన్నం ముద్దే.

ఎవరు పెట్టారో ఆ పేరు, ఎరిగి పెట్టారు. ఆకలైనవాడికి ముద్ద పెట్టాలి కానీ గొంతులో కుక్కకూడదు. ముందున్నవాడు వెతుక్కుంటుంటే కాస్త ఆగాలి. ఒక్క మాట అందిస్తే చాలు, వాక్యమంతా మనమే చదవకూడదు. తనకెంత వచ్చో ఊరికి చాటడానికి లుక్మా ఇచ్చేవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లు ఎంత పెద్ద హాఫిజులైనా ఉస్తాదులుగా పనికిరారు. మీ శిష్యురాళ్ల దగ్గర మీరూ ఈ మర్యాద తప్పకండి.

ఇంకో రెండు సంగతులు తెలియాలి. ఒకటి, లుక్మా ఇచ్చే మనిషి అదే నమాజులో నిలబడి ఉండాలి. బయట కూర్చున్న మనిషి అందించింది అందుకుంటే నమాజు చెడుతుంది. రెండోది, ఆడవాళ్లు గొంతెత్తరు. కుడి అరచేతిని ఎడమ చేతి వెనక కొట్టి చప్పుడు చేస్తారు. ఆ చప్పుడు తప్పు పోయిందని చెబుతుంది, అంతే. ఒప్పేదో చెప్పదు. దీని మీద నా అభిప్రాయం నాకుంది. రాస్తే మా అల్లుడు ఈ పుస్తకం ముట్టుకోడు.

ఖైరున్ అడిగిన మాట

ఖైరున్ మా వెనక గల్లీలో ఉండేది. ఆమె భర్త కరీముద్దీన్ సాబ్ ఒకప్పుడు దేవిడీ వాళ్ల జాగీరు కచేరీలో గుమాస్తా. జాగీరు పోయాక మలక్‌పేటలో కట్టెలు అమ్మే అడ్తీలో పనికి కుదిరాడు. చిన్నప్పుడు మదర్సాలో కంఠస్థం చేశాడు కాబట్టి గల్లీలో అందరూ హాఫిజ్ సాబ్ అనే పిలిచేవారు. ఖైరున్ మధ్యాహ్నాలు నా దగ్గరకు వచ్చి చూసి చదువుకునేది. నెమ్మదస్తురాలు. చెవి మాత్రం చాలా మంచిది. నేను ఒకసారి చదివి వినిపిస్తే ఆ దీర్ఘం, ఆ విరుపు అట్లాగే పట్టుకునేది.

రంజాన్ ఇంకా రెండు నెలలుందనగా, రజబ్ నెలలో ఒకరోజు పాఠం అయ్యాక లేవకుండా కూర్చుంది.

"ఆపా, మర్సిపోయినోళ్లకు ఖుర్ఆన్ మళ్ల వస్తదా? వస్తె, పోకుంట ఎట్ల పట్టుకోవాలె?"

ఎవరు మరిచిపోయారని అడిగాను. తలుపు వైపు చూసి, కొంగు సర్దుకుని, మా ఆయిన, అంది.

విషయం ఇది. దేవిడీలో ఏళ్ల తరబడి తరావీ చదివిన ముసలి హాఫిజ్ సాబ్ కాలం చేశాడు. ఈ రంజాన్‌కు మన కరీముద్దీన్ చదువుతాడని బేగం పాషా నలుగురిలో అనేసింది. ప్రతి ఏడూ ఎవరు అడిగినా గొంతు బాగా లేదని తప్పించుకుంటూ వచ్చిన మనిషి, ఉప్పు తిన్న ఇంటికి లేదనలేకపోయాడు. ఇంటికి వచ్చి ఖుర్ఆన్ తీస్తే, సగానికి సగం నోటికి రాలేదు.

మా వాళ్లలో ఇది మామూలు మరుపు కాదు. లెక్కలు మరిచిపోతే నవ్వుతారు. దీన్ని మరిచిపోతే దేవుడికి జవాబు చెప్పాలనే భయం ఉంటుంది.

"పరువు ఒక్కటే గాదు ఆపా. అన్నం తింటలేడు. ఏం మొకం పెట్టుకోని అల్లా ముంగట నిలవడాలె అంటుండు" అంది.

చేతకాదని చెప్పేయమను, తర్వాత నిమ్మళంగా నేర్చుకోవచ్చు అన్నాను. నాకు అదే సరైనదనిపించింది. ఖైరున్ ఒప్పుకోలేదు. ఇప్పుడు వద్దన్నాడంటే ఇక జన్మలో ఆ పుస్తకం తెరవడు, ఆయన సంగతి నాకు తెలుసు అంది. మొగుడి గురించి ఆమెకు తెలిసినంత నాకు తెలియదు కదా, సరే అన్నాను.

ఆయన నా దగ్గరకు రావడం కుదరదు. పర్దా ఒకటి, హాఫిజ్ సాబ్ అనే పేరు ఒకటి. అందుకని నేను ఖైరున్‌కు చెప్పడం, ఆమె ఇంటికి వెళ్లి ఆయన చదివేది వినడం. కొన్నాళ్లకు ఆమె ఒక వింత చెప్పింది. పుట నడుమ మంచిగానే వస్తుంది, పుట చివర మాత్రం ఆగిపోతాడు అని. ఏ ప్రతి చూస్తున్నాడని అడిగాను. చిన్ననాటి ప్రతి చినిగిపోతే మర్యాదగా ఖబ్రస్తాన్‌లో పూడ్చిపెట్టారట. ఇది బజారులో కొన్న కొత్తది, పెద్ద అక్షరాలు.

రోగం అక్కడ దొరికింది. కంఠస్థం చేసిన మనిషికి మాటలతో పాటు వాటి చోటు కూడా గుర్తుంటుంది. ఈ వాక్యం కుడి పుట మీద మొదటి వరుస, ఆ వాక్యం ఎడమ పుట చివర, అట్లా. ప్రతి మారిస్తే వరుసలు మారతాయి. కళ్లు మూసుకున్నా కన్ను పాత చోటే వెతుకుతుంది. అందుకే ఏ ప్రతిలో మొదలుపెట్టారో దాన్ని వదలకండి, కొత్తది కొన్నా అదే అచ్చు కొనండి. నా ప్రతి పాత అచ్చుదే, ఆయన చదివినదీ అదే. తీసి ఇచ్చాను. ఇచ్చాక కొన్నాళ్లు నేనే తడబడ్డాను, ఎందుకిచ్చానా అని విసుక్కున్నాను కూడా. ఆయనకు మాత్రం పుట చివరి గండం తప్పింది.

రొట్టెల చప్పుడు

ఆయన పొద్దున్నే అడ్తీకి వెళితే చీకటి పడ్డాకే రాక. తిరగేయడానికి దొరికేది తెల్లవారి నమాజు తర్వాత, ఖైరున్ జొన్నరొట్టెలు చేసే వేళ. ఆమె చేతులు పిండిలో ఉంటాయి, పుస్తకం పట్టుకోలేదు. అందుకని మరునాటి భాగాన్ని ముందురోజు మధ్యాహ్నం నా దగ్గర మళ్లీ మళ్లీ చదివి చెవిలో వేసుకునేది. పొద్దున రొట్టెలు తడుతూ వినేది.

మొదట తప్పు పోయినప్పుడల్లా నోటితో చెప్పింది. నడుమ మాట్లాడితే ఉన్న తోవ కూడా పోతుందని ఆయన కసురుకున్నాడట. అప్పటినుంచి చెప్పడం మానేసింది. చదువు సరిగ్గా ఉన్నంతసేపు రొట్టె తట్టుతూ ఉండేది. తప్పు పోతే చెయ్యి ఆపేది. చప్పుడు ఆగగానే ఆయన వెనక్కి వెళ్లి సరిచేసుకునేవాడు. ఇది నేను నేర్పింది కాదు, ఏ ఉస్తాదూ నేర్పడు.

మరి రొట్టెలు మాడడం లేదా అని అడిగాను.

"మాడినయి ఆయినకే పెడుత ఆపా. తప్పు ఎవరిది?" అని నవ్వింది. ఆ నెలల్లో ఆమె నవ్వడం అదే మొదటిసారి చూశాను.

రంజాన్‌కు ముందు వచ్చే షాబాన్ నెల సగమయ్యేసరికి చదువు దారిలో పడింది. ఒక్కచోట మాత్రం జారేవాడు. మూసా పైగంబర్ కథలో, మంత్రగాళ్లను పిలుచుకురమ్మని మనుషులను పంపే సందర్భం ఉంది. అది రెండు సూరాల్లో వస్తుంది. పంపు అనడానికి ఒక సూరాలో ఒక మాట, రెండో సూరాలో అదే అర్థం ఉన్న ఇంకో మాట. ఆయన మొదటిచోట రెండోచోటి మాట అనేవాడు. అన్నాక అటే సాగిపోయేవాడు. నాకు తెలిసిన గుర్తులన్నీ చెప్పి పంపాను. మరునాడు వచ్చి, గా పంపు కాడ మళ్ల జారిండు ఆపా, అనేది. కొన్ని తప్పులు అంతే, చిన్నప్పుడు ఎట్లా పడ్డాయో అట్లాగే ఉంటాయి. ఎన్నేళ్లు నేర్పినా నాకు తెలిసింది ఒకటే: ఇది ఒంటరిగా ఎవరికీ నిలవదు. వినే మనిషి ఉండాలి.

పర్దా వెనక

రంజాన్ వచ్చింది. దేవిడీ ఆవరణలో మగవాళ్లు, లోపలి వసారాలో పర్దా వెనక ఆడవాళ్లు. వినే హాఫిజ్‌గా ఒక పడుచువాడిని పిలిపించారు. అతనూ కరీముద్దీన్ సాబ్ చదివిన మదర్సాలోనే, అదే ఉస్తాద్ దగ్గర చదివాడట. ఆ మాట వినగానే నాకు మనసులో ఏదో తట్టింది కానీ, ఎవరితోనూ అనలేదు.

మొదటి రోజులు బాగానే గడిచాయి. గొంతు బాగుంది, ఇన్నాళ్లూ దాచుకున్నాడు అని ఆడవాళ్లు అనుకున్నారు. బేగం పాషా ముందు వరుసలో గర్వంగా నిలబడేది. ఖైరున్ ఎప్పుడూ చివరి వరుసే.

మంత్రగాళ్ల కథ వచ్చిన రోజు నాకు నమాజు లేదు. ఆడవాళ్లకు నెలనెలా ఉండే మినహాయింపే. అయినా వెళ్లాను, వినకుండా ఉండలేకపోయాను. చివరి వరుస పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఖైరున్ నాకు ఒక పక్కగా కనబడుతోంది.

ఆయన ఆ చోటికి వచ్చాడు. రెండోచోటి మాటే అన్నాడు.

అంతవరకు నమాజుకు వచ్చిన నష్టమేమీ లేదు, అర్థం ఒకటే. వినే హాఫిజ్ అందిస్తాడని చూశాను. అందించలేదు. ఆయన తర్వాతి వాక్యంలోకి వెళ్లాడు, అదీ రెండో సూరాదే. పడుచువాడి నోరు లేవలేదు. నేను అనుకున్నదే అయింది. ఒక ఉస్తాద్ శిష్యులకు తప్పులు కూడా ఒకే చోట ఉంటాయి. చదివేవాడూ వినేవాడూ కలిసి దారి తప్పి, వెనక ఇంతమందిని వెంటబెట్టుకుని హాయిగా నడిచిపోతున్నారు. సరైన మాట నా నాలుక చివర ఉంది. నేను నమాజులో లేను. నోరు విప్పకూడదు, చెయ్యి కొట్టకూడదు. పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను. అంత చేతకానితనం నేనెప్పుడూ ఎరగను.

ఖైరున్ చేతులు చూశాను. గుండెల మీద కట్టుకున్న చేతులు విడిపోయాయి, మళ్లీ కట్టుకున్నాయి. ఆ కాసేపు ఏమనుకుందో తర్వాత నాకు చెప్పింది. కొడితే ఎవరు కొట్టారని అడుగుతారు. ఇల్లాలికి తెలిసినది హాఫిజ్ సాబ్‌కు తెలియదా అంటారు. ఇన్నాళ్ల గుట్టు రట్టవుతుంది. కొట్టకపోతే ఎవరికీ తెలియదు. కానీ రేపు పొద్దున రొట్టెలు తడుతున్నప్పుడు తన మొహం చూసి ఆయనకు తెలుస్తుంది, అల్లా ముందు నిలబడి తప్పు చదివానని. మళ్లీ అన్నం మానేస్తాడు.

చెయ్యి పడింది. ఒక్క చప్పుడు. రొట్టె తట్టినట్టే ఉంది.

ఆయన ఆగిపోయాడు. పడుచువాడు ఉలిక్కిపడి మాట అందించాడు, అదీ తప్పు సూరాలోదే. ఆయన అందుకోలేదు. వెనక్కి వెళ్లి కథ మొదటినుంచి ఎత్తుకున్నాడు. ఆ మాట ముందు ఆగాడు. సరైన మాట అన్నాడు. అట్లాగే సాగిపోయాడు.

సలాం చెప్పి నమాజు ముగించగానే ఆవరణలోంచి పడుచువాడి గొంతు లేచింది.

"లోపల చప్పుడు చేసిందెవరు? నేను లేనా వినెటందుకు? గంత తొందరేంది?"

బేగం పాషా వెనక్కి తిరిగి ఒక్కొక్కరి మొహం చూసింది. ఖైరున్ తల వంచుకుంది. ఎవరో ఆడమనిషి పొరపాటున కొట్టిందిలే అని ఆయన ఒక్క మాట అంటే అక్కడితో పోయేది. పర్దా అవతల ఆయన గొంతు వినిపించింది, చదివేటప్పటి గొంతు కాదు.

"మా ఇంటామె కొట్టింది భాయ్. తప్పు నాదే, నీకూ దొరకలే. ఇంకో మాట గూడ అందరు వినుండ్రి. నేను మర్సిపోయిన మనిషిని. ఏండ్ల సంది ఉత్త పేరు మోసిన. రజబ్ సంది నాకు మళ్ల అందిచ్చింది గామెనే."

పడుచువాడు తగ్గలేదు. ఆమె హాఫిజా కాదు కదా, లుక్మా ఎట్లా ఇస్తుందని అడిగాడు.

"లుక్మా అంటె ఏంది భాయ్, ముద్దనే గద. రోజు నాకు ముద్ద పెట్టే చెయ్యే గది."

తర్వాతి రకాతులకు, అంటే నమాజులో మిగిలిన వంతులకు, అందరూ లేస్తున్నారు. బేగం పాషా ముందు వరుసలో తన పక్కన జరిగి చోటు చేసి, ఖైరున్‌ను రమ్మని చేత్తో చూపించింది. ఖైరున్ కదల్లేదు. కళ్లు తుడుచుకుంటూ, ఇక్కడికే బాగా వినబడుతుంది పాషా, అంది. అవతల ఆయన మొదలుపెట్టాడు. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది.